మూడో మూత

దుమ్ము నెల, 1

ఈ పూట నూనెబండి ఒకసారి మూలిగి, రెండోసారి ఆలోచించి, మూడోసారి స్టార్టయింది. ఇరవై రెండేళ్ళుగా నేను నడుపుతున్న కారు ఇది. తాళం తిప్పితే గుర్రుమని లేవడమే దానికి తెలుసు. ఇవాళ మాత్రం పరీక్ష రోజున బడికి లేపిన పిల్లాడిలా లేచింది.

కారు తలుపుకు వేలాడే పుస్తకంలో "ఉదయం స్టార్టు, బాగుంది. చెన్నరాయుడు" అని రాశాను. ఆ పుస్తకాన్ని ఊళ్ళో ఎవరైనా తిరగేయవచ్చు. నిజం మాత్రం ఈ సొంత నోటుబుక్కులో రాసుకుంటున్నాను. బాగోలేదు.

మాది ఒకచోట నిలిచే ఊరు కాదు. నీళ్ళున్నంత కాలం దిగుతాం, అయిపోతే కదులుతాం. మొత్తం ముప్పై ఒక్క బండ్లు. అందులో ముప్పై ఎండతో నడుస్తాయి. దుమ్ము నెల వచ్చిందంటే సూర్యుడు బెల్లం పాకం రంగుకు తిరుగుతాడు. అప్పుడు దీపాలకూ బోరుకూ సరిపడా కరెంటు దొరికితే అదే పదివేలు, ఇక చక్రాలు కదిలే మాటే లేదు. ఆ నెల్లాళ్ళూ ఊరికి దిక్కు కానుగ నూనెతో నడిచే ఈ ముసలి కారు ఒక్కటే. పాము కరిచినా, జ్వరం ముదిరినా, అరవై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న గట్టు ఆసుపత్రికి ఇదే వెళ్ళాలి.

ఈసారి అందులో ఎక్కాల్సింది నా చెల్లెలు వకుళ. దానికి ముప్పై ఎనిమిదేళ్ళు. పద్నాలుగేళ్ళు ఎదురుచూశాక నిలిచిన కడుపు. ఇప్పుడు ఎనిమిదో నెల. మాయ కిందికి ఉంది, కాన్పు ఆపరేషన్‌తోనే అవ్వాలి, ఇరవయ్యో తేదీకి తీసుకురండి అన్నారు ఆసుపత్రివాళ్ళు. అంతకుముందే రక్తం కనిపిస్తే రెండు గంటల్లో అక్కడ ఉండాలట. ముందే వెళ్ళి కూర్చుందామంటే అక్కడున్నవి పన్నెండు మంచాలు, దుమ్ము నెలలో అన్నీ ఆయాసం రోగులవే. వకుళ భర్త రంగనాథు దుమ్ము కమ్మకముందే కొందరు బోరు పనివాళ్ళతో కలిసి తర్వాతి మకాం వెతకడానికి ముందు వెళ్ళాడు. ఇక్కడ దానికున్నది నేనూ, ఈ కారూ.

దుమ్ము నెల, 2

బోరులో ఇవాళ నీళ్ళు పైకి వచ్చాయి. ఎక్కడ దిగినా మా మర్యాద ఒకటే. తొలి నీళ్ళు మనుషులకూ కాదు, పశువులకూ కాదు, నూనెబండికే. బ్యాటరీకి ఆరు మూతలు, ఊరికి ఆరు వరసలు, వరసకొక మూత. వరసకు ఒకరు చొప్పున వచ్చి, తమ మూత తిప్పి, నీళ్ళు వదిలి, దండం పెట్టుకుని వెళతారు.

మిగతా వరసలవాళ్ళు ఉద్ధరిణెడు పోసి చేతులు దులుపుకుంటారు. మూడో వరస తరఫున పోసేది నేను. నేను చారెడు పోస్తాను. మన ప్రాణాలు మోసే బండికి పెట్టే చెయ్యి ఉద్ధరిణె దగ్గర ఆగితే ఎట్లా? ఆ మాట అందరికీ వినపడేలానే అన్నాను. ఐదో వరస ఓబులేసు మూతి తిప్పుకున్నాడు.

దుమ్ము నెల, 3

మళ్ళీ మూలిగింది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి. వేడినీళ్ళలో సోడా కలిపి కడిగాను, రుద్దాను, బిగించాను. తాళం తిప్పితే లేచింది. రోగం కుదిరిందని వకుళకు చెప్పాను.

"ఎట్ల తెలుసన్నా?" అంది.

"ఇరవై రెండేండ్లమ్మీ," అన్నాను.

అది జవాబు కాదని రాస్తుంటే తోస్తోంది.

దుమ్ము నెల, 4

టక్కుమంది. అంతే. మూలుగు కూడా లేదు.

పద్దెనిమిది మంది కలిసి తోస్తే స్టార్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆసుపత్రి దారి వైపు చూశాను. ఇక్కడ తోయడానికి మనుషులున్నారు, నేల గట్టిగా ఉంది. సగం దారిలో, ఇసుకలో ఆగిపోతే ఎవరు తోస్తారు? లోపల రక్తం పోతున్న చెల్లెలు, బయట నేను ఒక్కణ్ణి. ఎండబండ్ల నుంచి తీగ లాగి నేరుగా స్టార్టు చేద్దామంటే వాటి కరెంటు జాతి వేరు, కలిపితే రెండూ కాలతాయి. కొత్త బ్యాటరీ కోసం, అవి తయారయ్యే కోట ఊరికి కబురు చేద్దామంటే అక్కడ సీసం పోసేవాళ్ళు ఈ గాలి తగ్గేదాకా కొలిమి వెలిగించరు.

ఆ భయమంతా తీసుకెళ్ళి ఓబులేసు మీద కుమ్మరించాను. వాడు రోజూ కారు నీడన కూర్చుంటాడు. నిన్న వాడి చేతిలో వైరు ముక్క చూశాను. రేడియోకు కరెంటు దొంగిలిస్తున్నావని నలుగురిలో కేకలేశాను.

"నా రేడియో మూగబోయి మూన్నెల్లయింది గదప్పా! ఆ వైరు బట్టలారేసుకోను తెచ్చుకున్న్యా!" అని వాడూ అరిచాడు.

నేను నమ్మలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

దుమ్ము నెల, 6

నాకు చెప్పకుండా వకుళ పక్క ఊరికి వైర్‌లెస్‌లో కబురు పెట్టింది. మధ్యాహ్నానికి గాడిదబండి మీద మస్తానమ్మ దిగింది. బ్యాటరీలు చూడటమే ఆమె పని. అరవై ఏళ్ళుంటాయి. యాసిడ్ చుక్కలు పడి చీర కుచ్చిళ్ళు జల్లెడలా ఉన్నాయి. నోట్లో వక్క, చంకలో సంచి. నేను బానెట్ ఎత్తబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తాకొద్దబ్బీ. ముందు నువ్వు చెప్పు. పొద్దున్నే మూలుగుతాదా, తిరిగొచ్చినాకనా? తాళం తిప్పినప్పుడు దీపాలు మసకబారతాయా? దీంట్లో నీళ్ళు ఎవురు పోస్తారు?"

గంటసేపు ప్రశ్నలే. నాతో అయ్యాక ఆరు వరసలూ తిరిగింది. ప్రతిచోటా మజ్జిగ తాగింది, ఒక్కొక్కరినీ పక్కకు కూర్చోబెట్టుకుని అడిగింది. వకుళ దగ్గర అందరికన్నా ఎక్కువసేపు కూర్చుంది. రోగి నాడి వదిలేసి చుట్టాల నాడి పట్టుకునే వైద్యురాలిని ఇప్పుడే చూస్తున్నానని నేను గొణిగాను.

సాయంత్రం మీటరు పెట్టి చూసింది. పన్నెండున్నర వోల్టులు. ఆ తర్వాత బ్యాటరీకి ఉన్న మైనస్ తీగ ఊడదీసింది.

"ఈ పూట దీన్ని ఒంటిగా పండుకోనీ. ఎవురన్నా దొంగిలిస్తాంటే ఆ తీగలోంచే దొంగిలించల్ల. తీగ లేకుంటే దొంగా లేడు."

ఇంత చిన్న ఆలోచన నాకు ఇన్ని రోజులుగా తట్టలేదు.

దుమ్ము నెల, 7

పొద్దున మీటరు పన్నెండుకు కిందికి దిగింది. తీగ లేదు, దొంగ లేడు, కరెంటు మాత్రం పోయింది.

"బయటోళ్ళు ఎవురూ తినలేదు. ఇది లోపల్లోపలే తన్ను తాను తింటాండాది," అంది మస్తానమ్మ.

ఓబులేసు దగ్గరికి వెళ్ళి తప్పయిందన్నాను. వాడు లోపలికి వెళ్ళి వచ్చి, "వైరు కావల్నాన్నా?" అని నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మస్తానమ్మ మైనస్ తీగ మళ్ళీ బిగించి, కారును తోయించి స్టార్టు చేయించింది. ఇంజను తిరుగుతుండగా మళ్ళీ మీటరు పెడితే పద్నాలుగు పైన చూపింది. "నింపేది బాగనే నింపుతాండాది. కడవకే చిల్లి," అని నవ్వింది. ఊహించి చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఒక్కో అనుమానాన్నీ పిలిచి, విచారించి, పంపేస్తోంది. ఇరవై రెండేళ్ళు నడిపినవాణ్ణి, ఆమె పక్కన నిలబడి మీటరు పట్టుకోవడానికే నాకు గర్వంగా అనిపించింది.

దుమ్ము నెల, 8

ఊరంతా కారు చుట్టూ చేరింది. ఓబులేసు బీడీ వెలిగించబోతే మస్తానమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. బ్యాటరీలోంచి వచ్చే గాలికి నిప్పు తగిలితే పేలుతుందట.

ఆమె దగ్గర ఒక గాజు గొట్టం ఉంది. దాని లోపల చిన్న తేలుడు పుల్ల. మూత తీసి లోపలి యాసిడ్ నీళ్ళను గొట్టంలోకి పీలుస్తుంది. యాసిడ్ బలంగా ఉంటే పుల్ల పైకి తేలుతుంది, నీరసిస్తే మునుగుతుంది. మొదటి మూత, తేలింది. రెండోది, తేలింది. మూడోది తీసినప్పుడు పుల్ల అడుగుకు పోయి అక్కడే కూర్చుంది. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ ఓ మోస్తరుగా తేలాయి.

నాలుగు వందల కళ్ళు నా వైపు తిరిగాయి. మూడో మూత మాది.

మస్తానమ్మ ఒక గరిటెలో మా బోరు నీళ్ళు కాసిని పోసి పొయ్యి మీద ఇగరబెట్టింది. గరిటె అడుగున తెల్లటి మచ్చ మిగిలింది.

"ఈ నీళ్ళు మీరు తాగొచ్చు. దీనికి పనికిరావు. ఈ ఉప్పంతా లోపల చేరి సీసం పలకల్ని తినేస్తాది. మా ఊర్లో గూడా మొదటి నీళ్ళు బండికే, గానీ అవి వాననీళ్ళు. వాన పోయినాక ఆవిరి పట్టి చేసుకుంటాము."

మొదటి వరస ముసలమ్మ ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మావీ వాననీళ్ళే గదే! గుడ్డ కట్టి పట్టేవాళ్ళం. వాన పోయినాక బోరు నీళ్ళకు మారినాం. మరిసేపోయినాం."

వాన పోయి ఏడేళ్ళు. అన్నాళ్ళుగా మేము భక్తితో విషం పోస్తున్నాం. అందరూ పోశారు కానీ ఎక్కువ పోసింది నేను. మూత కింద ఉన్న గది నిండి ఉండగా చారెడు పోస్తే లోపలి యాసిడ్ పొర్లిపోతుంది, ఉప్పు మిగులుతుంది. నా పెద్ద చెయ్యి, నా గొప్పలు, నా చెల్లెలి ప్రాణం మీదికి తెచ్చాయి.

"ఎంత పోస్తావబ్బీ?" అని మస్తానమ్మ అడిగింది.

"చారెడు."

"ఎన్ని మకాములు?"

"ఈ బ్యాటరీ వచ్చినాక ఇరవై ఏడు."

ఆమె పెదాలు కదిలాయి. గొట్టం వైపు చూసింది, నా వైపు చూసింది. వెనక నుంచి వకుళ ఏదో అనబోయింది.

"అమ్మణ్ణీ, నువ్వు ఎడమపక్కకు తిరిగి పండుకోపో. ఇంతసేపు నిలబడొద్దు," అని మస్తానమ్మ గట్టిగా అంది. తర్వాత నాతో, "నీ చేతి తప్పని ఒప్పుకుంటావా?" అంది.

"నాదే," అన్నాను.

"అట్లయితే పుస్తకంలో రాసి పెట్టు. పని మొదలుపెడదాం."

తలుపు పుస్తకంలో రాశాను. "బ్యాటరీ చెడింది. కారణం: మూడో మూతలో బోరు నీళ్ళు. పోసినవాడు చెన్నరాయుడు."

దుమ్ము నెల, 9

మస్తానమ్మ మూడో గదిలోని నీళ్ళన్నీ పీల్చి గాజు సీసాలోకి తీసింది. గంజిలా ఉన్నాయి. గదిని కడగడానికి ఉప్పు లేని నీళ్ళు కావాలి. వాన ఎలాగూ లేదు.

"ఆవిరి నీళ్ళు చాలు. గిన్నె మీద స్టీలు మూత పెట్టి, మూతకు పట్టిన చెమట దించుకోండి," అని చెప్పింది.

ఈ రోజు ఊళ్ళో ఎవరూ అన్నం మీద మనసు పెట్టలేదు. బండి బండికీ పొయ్యిల మీద గిన్నెలు, వాటి మీద మూతలు, మూతల కింద గ్లాసులు. చుక్కా చుక్కా దించి తెచ్చారు. సాయంత్రానికి నాలుగు సీసాలు నిండాయి. అందరికన్నా ఎక్కువ తెచ్చింది ఓబులేసు పెళ్ళాం. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మా ఊరివాళ్ళు ఇంత మంచివాళ్ళని నాకు ఇన్నేళ్ళూ తెలియనే లేదు. వాళ్ళ ముందు గొప్పలు చెప్పుకోవడంలోనే నాకు సరిపోయింది.

దుమ్ము నెల, 12

కడిగింది, మళ్ళీ కడిగింది, తన సంచిలోని యాసిడ్ పోసింది. బండ్లది కాకుండా, దీని జాతి కరెంటు ఇచ్చే ఒక చిన్న ఎండపలకకు కలిపి మూడు రోజులుగా మెల్లగా నింపుతోంది. ఈ దుమ్ములో పలక మీద పావుగంటకే పొర కడుతుంది. వరసల వారీగా వంతులు వేసుకుని పొద్దంతా తుడిచారు.

ఇవాళ తాళం తిప్పమంది. లేచింది! నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం మీటరు మీంచి కన్ను తీయలేదు.

"సంబరపడొద్దు. బరువు పడినప్పుడు బాగా కిందికి దిగతాండాది. లోపలి సీసం పలకలు సగం పోయినాయి. బాగయిందని నేను చెప్పను. ఇంకా ఐదు తూర్లు లేస్తాది. ఆరోది నాకు తెలీదు."

లెక్క కట్టి చెప్పిన ఆ ఐదు మీద నాకు దేవుడి మీదకన్నా నమ్మకం కుదిరింది.

దుమ్ము నెల, 13

ఒకటి పాడు చేశాను. పొద్దున భయమేసింది, ఉందో లేదో చూద్దామని తాళం తిప్పాను. లేచింది. మస్తానమ్మ వచ్చి బొగ్గుతో తలుపు మీద నాలుగు గీతలు గీసి వెళ్ళింది. సిగ్గుతో చచ్చాను.

దుమ్ము నెల, 15

ఇరవయ్యో తేదీ దాకా ఆగలేదు. పొద్దున పదింటికి వకుళ పిలిచింది. చీర తడిసింది.

వెనక సీట్లో దాన్ని పడుకోబెట్టాం. కాళ్ళు మస్తానమ్మ ఒడిలో. తాళం తిప్పాను, లేచింది. మూడు గీతలు మిగిలాయి.

నలభై ఒకటో కిలోమీటరు దగ్గర ఇంజను దగ్గి ఆగిపోయింది. గాలి జల్లెడ నిండా దుమ్ము. ఊడదీసి, చక్రానికేసి కొట్టి, దులిపి పెట్టాను. తాళం తిప్పాను. మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. ఇంకా సన్నగా మూలిగింది. మూడోసారికి చెయ్యి పోబోతుంటే మస్తానమ్మ వెనక నుంచి వంగి తాళం లాగేసి పిడికిట్లో పెట్టుకుంది.

"ఫ్యాను ఆపు. దీపాలు ఆపు. పది నిమిషాలు దీన్ని ముట్టొద్దు."

"రక్తం పోతాంది కదక్కా!"

"నాకు కనపడతాండాది. అలిసినదాన్ని ఎంటెంటనే తిప్పితే ఉండేదీ పోతాది. ఇడిసిపెడితే కొంచెం తేరుకుంటాది. ఒక్క తూరికి సరిపోతాది. అది సాలు మనకు."

బయట గాలి కారును ఊపుతోంది. తోసేవాళ్ళు ఎవరూ లేరు. మస్తానమ్మ ఒక చేత్తో గుడ్డ నొక్కిపట్టి, రెండో చేతిలో తాళం ఉన్న గుప్పిట విప్పలేదు. వకుళను చిన్నప్పటి సంగతులు అడిగింది, చెప్పించింది, నవ్వించింది కూడా. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ తాళాన్ని ఆమె నుంచి లాక్కుని ఉంటే ఈ రోజు నాకు చెల్లెలు లేదు. ఆమె గడియారం చూసి, నిండా పది నిమిషాలు అయ్యాకే తాళం నా చేతిలో పెట్టింది.

లేచింది.

ఆసుపత్రి గుమ్మం దాకా కాలు యాక్సిలరేటర్ మీంచి తియ్యలేదు. పన్నెండింటికి ఆరు నిమిషాల ముందు చేరాం.

దుమ్ము నెల, 17

ఆడపిల్ల. రెండు కిలోల వంద గ్రాములు. ఏడుపు మాత్రం కానుగ నూనె ఇంజను ఏడుపు. వకుళకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇవాళ లేచి కూర్చుంది, గంజి తాగింది.

గంజి గ్లాసు కింద పెట్టి, "అన్నా, ఒకటి చెప్పల్ల," అంది. "నువ్వు చారెడే పోసినావు. నేను ప్రతి మకాములో మధ్యాన్నం అందరూ కునుకు తీసేటప్పుడు పోయి లోటాడు పోసేదాన్ని. బిడ్డ కావల్లని మొక్కుకోని. రెండేండ్లు. మూడో మూతలో."

మస్తానమ్మ కిటికీ దగ్గర వక్క కొరుకుతోంది.

"నీకు తెలుసా అక్కా?"

"మొదటి దినమే చెప్పింది ఈ యమ్మ. చారెడు నీళ్ళు ఇరవై ఏడు తూర్లు పోస్తే పుల్ల అంత అడుక్కు పోదు గదా."

ఒళ్ళు మండింది. "తెలిసి ఊరందరి ముందూ నన్ను నిలబెట్టినావా?"

"నిలబెట్టినా. ఎప్పుడు రక్తం కారుతాదో తెలీని కడుపుతో ఉండే ఆడమనిషి, నా మొక్కే నా బిడ్డను చంపుతాందని ఊరందరి నోటా వింటే ఆ పొద్దే పడిపోతాది. నువ్వు పడిపోవని చూసినా. దేని మీద ఎంత బరువు పెట్టొచ్చో చూడటమే గదబ్బీ నేను చేసే పని."

నేను కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. రాలేదు. బ్యాటరీ ఒక్కటే కాదు, మమ్మల్ని అందరినీ మూతలు తీసి చూసింది ఈ మనిషి. ఒక్కటీ తెరిచి ఉంచకుండా అన్నీ తిరిగి బిగించింది. లేచి ఆమె కాళ్ళకు దండం పెట్టాను. "సీరకు యాసిడుంటాది, దూరం," అని కసిరింది.

వకుళ నా చొక్కా పట్టుకుని లాగింది. "తలుపు పుస్తకంలో నీ పేరు కొట్టెయ్యన్నా. పోసింది నేను. నా పేరు రాయి."

"రాయను," అన్నాను.

"అబద్ధం గదన్నా అది."

"రాయను గాక రాయను. బిడ్డకు పాలియ్యి."